తియ్యటి తుప్పు

జీడితోపులో జంతువులు సైకిళ్ళు తొక్కుతాయి. ఎప్పుడు నేర్చుకున్నాయో, ఎవరు నేర్పారో నాకు తెలీదు. సాయంత్రం అయితే చాలు, ఎండుటాకుల మీద టైర్ల చప్పుడు, మధ్యలో బెల్లు మోతలు.

అక్కడ అందరికంటే పాత సైకిల్ గాడిద గవర్రాజుది. వాళ్ళ నాన్న తొక్కింది. నల్ల రంగు పోయి తుప్పు పట్టేసింది. సీటు తోలు ఎండిపోయి అప్పడంలా అయిపోయింది. అందరికంటే కొత్త సైకిల్ నక్క కోటయ్యది. మొన్ననే సంతలో కొన్నాడు. సీటుకి ప్లాస్టిక్ కవర్ కూడా ఇంకా తియ్యలేదు.

ఒకరోజు గోరింక ఎగిరొచ్చి కొమ్మ మీద వాలింది. తోపులోకి ఏ కబురొచ్చినా ముందు ఆవిడ నోటి నుంచే రావాలి.

"వినండర్రా! వాగు దగ్గర పాత సైకిళ్ళ పండగ చేస్తున్నారంట. తాతల నాటి సైకిళ్ళే తేవాలి. పోటీకి ఒక్కో తోపు నుంచి ఒక్కటే. అన్నిట్లోకి మంచిదేదో అది ఊరేగింపులో ముందు నడుస్తుంది."

"నడిస్తే ఏమిస్తారు?" అన్నాడు కోటయ్య.

"బుట్టెడు పీతలు."

కోటయ్య నాలికతో మూతి తుడుచుకున్నాడు.

"పాతవాటికి పండగేంటి పిన్నీ?" అంది మేక పైడమ్మ. పైడమ్మ ఏదైనా కనబడితే అడగాలి, లేదంటే నాకి చూడాలి. రెండిట్లో ఒకటి చెయ్యకపోతే తిన్న మేత అరగదు. "పాతబడితే మూల పడేస్తారు కదా. ఊరేగించడమేంటి?"

"అదే కదా వింత! ఎవరు తొక్కారు, ఏ దారుల్లో తిరిగింది, ఏం మోసింది, అన్నీ చెప్తారంట. తాబేలవ్వ వచ్చి కూర్చుంటుంది. ఆవిడకి తెలీని సైకిల్ లేదు. కాకపోతే కళ్ళు మసకలేశాయి పాపం. వచ్చే ఏడు రాలేనని చెప్పేసింది."

ఆ మాట వినగానే గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

గవర్రాజు సైకిల్‌కి వెనక, క్యారియర్ కింద, ఒక ఇనప కొక్కెం ఉంది. జీడిపిక్కలా వంకర తిరిగి ఉంటుంది. అలాంటిది ఇంకే సైకిల్‌కీ లేదు. అది దేనికో వాళ్ళ నాన్న చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. గవర్రాజు కనబడిన వాళ్ళందరినీ అడిగాడు. అన్నం గిన్నె తగిలించడానికని ఒకరన్నారు. నేలకి అంత దగ్గరగా తగిలిస్తే దుమ్మంతా అన్నంలోనే కదా. లాంతరుకని ఇంకొకరన్నారు. లాంతరు వెనక పెట్టుకుంటే ముందు దారి ఎలా కనిపిస్తుంది? ఎవరేం చెప్పినా గవర్రాజుకి కుదిరినట్టు అనిపించలేదు. తొక్కేటప్పుడల్లా అదే ఆలోచన.

"తాబేలవ్వ మా నాన్నని చూసే ఉంటుంది," అన్నాడు మెల్లగా. "ఈసారి అడక్కపోతే ఇంక చెప్పేవాళ్ళు ఉండరు. పిన్నీ, నేనొస్తానని చెప్పవా?"

"పండగ పొద్దున్న వచ్చి చూస్తాను. ఏది బాగుంటే దాన్ని తీసుకెళ్తా," అని గోరింక ఎగిరిపోయింది.

ఆ మధ్యాహ్నం కోటయ్య గవర్రాజు దగ్గరికి వచ్చాడు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ప్చ్ అన్నాడు.

"అల్లుడూ, నీ మంచి కోరి చెప్తున్నా. ఈ అవతారంతో పండగకి వెళ్తావా?"

"పాత సైకిళ్ళ పండగే కదా మామా."

"పెళ్ళికి ముసలాళ్ళు కూడా వెళ్తారు. ఉతికిన బట్ట కట్టుకుని వెళ్తారా, చిరిగింది కట్టుకునా?"

గవర్రాజు ఆలోచించాడు. "ఉతికిందే."

"మరి! బండికీ అంతే. పచ్చగా ఒక పూత వేశామంటే పెళ్ళికొడుకులా ఉంటుంది. నీకెందుకు శ్రమ, నేనేస్తా. పనిలో పని, ఆ కొక్కెం కూడా కోసి పారేద్దాం. తెగిన తోకలా ఏంటది?"

"రంగెయ్యి మామా. కొక్కెం మాత్రం ముట్టుకోకు."

"సర్లే, నీ ఇష్టం."

గాడిదకి నిజం రంగెందుకు దండగ అనుకున్నాడు కోటయ్య. చిక్కుడాకు దంచి, పసరు పిండి, కాస్త సున్నం కలిపి పూసేశాడు. సాయంత్రానికల్లా సైకిల్ చిలకలా తయారైంది. గవర్రాజు అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. బాగానే ఉంది. కాకపోతే వేరే ఎవరి సైకిలో తన ఇంటి ముందు పెట్టినట్టుంది.

మర్నాడు కోటయ్య బొరియ వైపు నుంచి కమ్మటి వాసన వచ్చింది. పైడమ్మ ముక్కు ఎగబీలుస్తూ వెళ్ళింది. బొరియ ముందు ఎర్రగా, గరుకుగా, తుప్పు పట్టిన సైకిల్ ఒకటి ఎండలో ఆరుతోంది.

"ఇదెక్కడిది మామా?"

"మా తాతది. లోపల మూల పడుంటే బయటికి తీశా."

"మరి నీ కొత్తదేది?"

"అమ్మేశా."

"ఎవరికి?"

"నీకెందుకే అవన్నీ?"

పైడమ్మ వంగి మడ్‌గార్డ్ మీద నాలిక వేసింది. ఆగింది. మళ్ళీ వేసింది.

"మామా, తుప్పు తియ్యగా ఉందేంటి?"

కోటయ్య సైకిల్‌ని కాస్త వెనక్కి లాక్కున్నాడు. బెల్లం పాకంలో ఇటుకపొడి కలిపి దగ్గరుండి పూసినవాడు తనే కదా. "పాత తుప్పే అది. పాతబడేకొద్దీ తీపెక్కుతుంది. పాత చింతపండు రుచి వేరు, కొత్త చింతపండు రుచి వేరు. ఔనా కాదా?"

"ఔనే!" అంది పైడమ్మ ఆశ్చర్యంగా. తిన్నగా గవర్రాజు దగ్గరికి పోయి, రంగు వెయ్యని కొక్కేన్ని నాకి చూసింది.

"నీది చేదుగా ఉందన్నా. ఇంకా ముదరలేదేమో."

"మా నాన్న జీవితమంతా తొక్కాడే పైడమ్మా," అన్నాడు గవర్రాజు దిగులుగా. "ఇంకా ఎంత ముదరాలి?"

పండగ పొద్దున్న గోరింక వచ్చింది. పచ్చ సైకిల్ చూసి ముక్కున వేలేసుకున్నంత పని చేసింది.

"ఏంట్రా గవర్రాజూ! పాత సైకిల్ తెమ్మంటే చిలకని తెచ్చావు?"

"లోపల పాతదే పిన్నీ."

"లోపలికి దూరి చూడమంటావా నన్ను? కోటయ్యా, నీది బ్రహ్మాండం. పద పద, ఎండెక్కుతోంది."

కోటయ్య సైకిలెక్కాడు. గవర్రాజు తల దించుకుని అక్కడే నిలబడిపోయాడు. పైడమ్మ వచ్చి కొమ్ముతో మెల్లగా పొడిచింది.

"అన్నా, నువ్వు పీతల కోసం వెళ్దామనుకున్నావా, కొక్కెం సంగతి అడుగుదామనా?"

"అడుగుదామనే."

"పోటీకి వద్దన్నారు గానీ చూడ్డానికి రావద్దనలేదు కదా. ఎక్కు. నేను క్యారియర్ మీద కూర్చుంటా."

వాగు ఒడ్డున ఎన్ని రకాల సైకిళ్ళో! ఎలుగుబంటి సైకిల్‌కి రెండు వైపులా సొట్టలు పడ్డ పాల క్యాన్లు. కోతి సైకిల్‌కి బెల్లు లేదు, నొక్కితే కప్పలా అరిచే రబ్బరు బూర ఉంది. కుందేలు సైకిల్‌కి చెక్క పెడళ్ళు. పైడమ్మ ఒక్కోదాని దగ్గర ఆగుతుంది, ఇదేంటి అంటుంది, అదెందుకంటుంది, ఎవరూ చూడకుండా ఒకసారి నాకుతుంది. అన్నీ చేదే. ఒక్కటి కూడా తియ్యగా లేదు. పైడమ్మకి ఇదేదో అంతుపట్టలేదు.

రేవు దగ్గర గేదె అడ్డంగా నిలబడి ఉంది. "ముందు నీళ్ళు, తర్వాత పసుపూ కుంకుమా. స్నానం చెయ్యని బండికి బొట్టు పెట్టం. పోటీకి వచ్చినవైనా, చూడ్డానికి వచ్చినవైనా సరే, అన్నీ దిగాలి."

కోటయ్య కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయుధపూజకి బండి కడుగుతారని తోపులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఈ పండగకి కూడా కడుగుతారని మాత్రం అతనికి తట్టలేదు.

"మాది ఇంటి దగ్గరే కడిగేశాం వదినా."

"పండగ స్నానం ఇక్కడే. దిగు."

"ముసలి బండి కదా, జలుబు చేస్తుంది."

ఒడ్డున బండ మీద తాబేలవ్వ కూర్చుని ఉంది. పైడమ్మ ఆవిడ దగ్గరికి పోయి, "అవ్వా, తుప్పు పాతబడితే తియ్యగా అవుతుందా?" అని అడిగింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"మా కోటయ్య మామ. ఆయన సైకిల్ తుప్పు తియ్యగా ఉంటుంది. తెస్తాను చూడు." వద్దు వద్దంటున్నా కోటయ్య సైకిల్‌ని పైడమ్మ తోసుకొచ్చేసింది.

తాబేలవ్వ మెడ చాచి హ్యాండిల్ నాకింది. కాసేపు చప్పరించింది.

"పాకం బాగా కుదిరింది నాయనా. రెండు యాలక్కాయలు వేసుంటే ఇంకా బాగుండేది."

వాగు ఒడ్డంతా గొల్లున నవ్వింది. గేదె ఇంక ఆగలేదు, సైకిల్‌ని నీళ్ళలోకి ఒక్క తోపు తోసింది. ఎర్రటి నీళ్ళు కారాయి. చేపపిల్లలు గుంపుగా వచ్చాయి. లోపల నుంచి తళతళలాడే కొత్త సైకిల్ బయటపడింది. సీటుకి ప్లాస్టిక్ కవర్ ఇంకా అలాగే ఉంది.

"తాత కవర్ కూడా తియ్యలేదా మామా?" అంది పైడమ్మ. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

ఆ గోలలో గవర్రాజు తన సైకిల్‌ని మెల్లగా నీళ్ళలోకి దింపాడు. పచ్చ రంగంతా చారలు చారలుగా వాగులో కలిసిపోయింది. తుప్పు పట్టిన పాత సైకిల్ మళ్ళీ కనబడింది. గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. తీసుకెళ్ళి తాబేలవ్వ ముందు పెట్టాడు.

"అవ్వా, ఈ కొక్కెం దేనికో తెలుసా?"

తాబేలవ్వ మసక కళ్ళతో చూసింది. కనబడలేదు. గడ్డంతో తడిమింది. కొక్కెం తగిలింది. చాలాసేపు అక్కడే గడ్డం ఆనించి ఉంచింది.

"నువ్వు సింహాద్రి కొడుకువా?"

"ఔనవ్వా."

"ఎర్రగట్టు ఎక్కేటప్పుడు మేమందరం దిగిపోయి తోసుకునేవాళ్ళం నాయనా. మీ నాన్న ఒక్కడే తొక్కేవాడు. కాలు నొప్పి వాళ్ళది, గొలుసు తెగిన వాళ్ళది, ఎవరి బండైనా సరే ఈ కొక్కేనికి తాడేసి లాక్కుపోయేవాడు. నన్ను చక్రాల పలక మీద కూర్చోబెట్టి ఎన్నిసార్లు లాగాడో. ఊరి మొదట్లోకి రాగానే తాడు విప్పేసేవాడు."

"ఎందుకు?"

"లాగించుకుని వచ్చారని నలుగురూ నవ్వకూడదని. ఎవరితోనూ అనేవాడు కాదు. నీతో కూడా అనలేదన్నమాట."

గవర్రాజు సైకిల్ వెనక్కి వెళ్ళి వంగాడు. కొక్కేన్ని మూతితో ఒకసారి నిమిరాడు.

కోటయ్యది పోటీలోంచి తీసేసి, జీడితోపు తరఫున గవర్రాజు సైకిల్‌ని పెట్టారు. ఊరేగింపులో ముందు నడిచింది ఆ సైకిలే. పసుపూ బొట్టూ పెట్టి, బంతిపూల దండ వేసి, క్యారియర్ మీద తాబేలవ్వని కూర్చోబెట్టారు. అయ్యాక బుట్టెడు పీతలు తెచ్చి గవర్రాజు చేతిలో పెట్టారు. గాడిద పీతల్ని ఏం చేసుకుంటాడు? బుట్టని వాగులో బోర్లించేశాడు. పీతలన్నీ అడ్డంగా పరిగెత్తి రాళ్ళ కిందికి దూరుతుంటే, ఒక్కోదాన్నీ కోటయ్య కళ్ళు అక్కడి దాకా సాగనంపాయి.

తిరిగి వెళ్దామంటే కోటయ్య సైకిల్ పెడళ్ళు తిరగలేదు. గొలుసులోకి దిగిన పాకానికి ఒడ్డున ఇసుక అంటుకుని బిగుసుకుపోయింది. పైగా చీమలు కూడా పట్టాయి. కోటయ్య ఒక కాలు ఎత్తి దులుపుకుంటుంటే ఇంకో కాలెక్కుతున్నాయి.

గవర్రాజు ఒక తాడు తెచ్చాడు. ఒక కొస కొక్కేనికి కట్టాడు, ఇంకో కొస కోటయ్య సైకిల్‌కి కట్టాడు. "కూర్చో మామా."

దారి పొడుగునా పైడమ్మ పక్కనే నడిచింది. "పాకానికి ఎంత బెల్లం పట్టింది మామా? ఇటుకపొడి జల్లించావా, అలాగే వేశావా? చీమలకి కూడా పాత తుప్పంటేనే ఇష్టమా?"

జీడితోపు కనబడగానే గవర్రాజు ఆగి తాడు విప్పేశాడు. "ఇక్కడి నుంచి తోసుకుంటూ రా మామా. ఎవరికీ తెలీదు."

పైడమ్మ ఏదో అడగబోయి, గవర్రాజు మొహం చూసి ఊరుకుంది.

కోటయ్య చీమలు దులుపుకుంటూ, బిగిసిన సైకిల్‌ని తోసుకుంటూ తోపులోకి వచ్చాడు. ముందే ఎగిరొచ్చిన గోరింక కొమ్మ మీద నుంచి, "పీతలేవి కోటయ్యా?" అని గట్టిగా అరిచింది.

పాతదనం పూస్తే అంటదు, తొక్కగా తొక్కగా వస్తుంది.