పచ్చబొట్టు పెద్దమ్మ ఫోటో

ఆరు నెలలైనా ఒక్క ఫోను రాలేదు. ఖాదర్‌వలికి అదే దిగులు.

నల్లమల అంచున దస్తగిరి తాత అనే ఫకీరు నడిపే ఆశ్రయంలో శిష్యుడతను. అక్కడ ఉండేది దారి తప్పినవాళ్లు, మతి తప్పినవాళ్లు. ఊరు చెప్పలేరు, పేరు చెప్పలేరు. తాత వాళ్లకు అన్నం పెడతాడు, తల దువ్వుతాడు, ఎవరో ఒకరు వెతుక్కుంటూ రాకపోతారా అని ఎదురుచూస్తాడు.

ఇక్కడికి రాకముందు ఖాదర్‌వలి నంద్యాలలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. ఆశ్రయానికి వెబ్‌సైటు తయారుచేసి, అక్కడున్న ప్రతి ఒక్కరినీ మంచి కెమెరాతో, మంచి వెలుతురులో తీసి పెట్టాడు. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉండేవి. లింకు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంపాడు.

ఒకరోజు పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, లోకమంతా చూసేట్టు పెట్టినా గదా. ఒక్కరికీ వీళ్లు గుర్తురారా? మనుషుల్లో ప్రేమనేదే ఎండిపోయిందా?"

తాత చెప్పులు వేసుకుని, "రా" అన్నాడు.

ఇద్దరూ కొండవాలు దాకా నడిచారు. చెన్నప్ప అనే గొర్రెల కాపరి బండమీద కూచుని ఉన్నాడు. తాత అతని ఫోను అడిగి తీసుకున్నాడు. అద్దం పగిలిన పాత ఫోను. దాన్ని శిష్యుడి చేతిలో పెట్టి, "చెన్నప్పకు మన పెద్దమ్మను చూపించు" అన్నాడు.

పెద్దమ్మంటే గడ్డంమీద మూడు చుక్కల పచ్చబొట్టున్న ముసలామె. రెండేళ్ల కింద రైల్వే స్టేషనులో దొరికింది.

ఖాదర్‌వలి సైటు తెరిచాడు. సిగ్నలు ఒక్క గీతే. తెరమీద సున్నా తిరుగుతూ ఉంది. పైనుంచి సన్నటి పట్టీలా కొంచెం ఆకాశం వచ్చింది. కాసేపటికి గోడ అంచు. అక్కడ ఆగిపోయింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ ఆకాశమే.

గొర్రెలు ఒక పొద మేసి ఇంకో పొదకు పోయాయి.

చెన్నప్ప తొంగిచూసి, నొప్పించడం ఇష్టంలేక, "మబ్బు బాగుందిలే సారూ" అన్నాడు.

ఖాదర్‌వలికి చెవులు వేడెక్కాయి. తాత ఫోను అందుకుని చెన్నప్పకు ఇచ్చేసి ముందు నడిచాడు.

ఆ మధ్యాహ్నమే ఖాదర్‌వలి కంప్యూటరు ముందు కూచున్నాడు. అసలు ఫోటోలు వేరే ఫోల్డరులో దాచి, కాపీలు తీసుకున్నాడు. ముందు పెద్దమ్మది. ఆకాశం కోసేశాడు, గోడ కోసేశాడు, మొహం మాత్రం ఉంచాడు. ఆరువేల పిక్సెళ్ల వెడల్పును ఆరువందలకు తెచ్చాడు. ఇంకా తేలిక చేద్దామని నాణ్యత బాగా తగ్గిస్తే, గడ్డంమీది చుక్కలు మూడూ కలిసి మరకైపోయాయి. ప్రాణం ఉసూరుమంది. కొంచెం పెంచాడు. చుక్కలు విడివడ్డాయి. అక్కడ ఆపాడు. పన్నెండు ఎంబీల ఫోటో అరవై కేబీలకు దిగింది.

ఫోటో రాకపోయినా చదువుకునేట్టు ఒక వాక్యం కూడా రాశాడు: "గడ్డంమీద మూడు చుక్కల పచ్చబొట్టు. పాట పాడమంటే నవ్వుతుంది."

సాయంత్రం ఒక్కడే కొండవాలుకు పోయి చెన్నప్ప ఫోనులో తెరిచాడు. రెప్పపాటులో పెద్దమ్మ వచ్చేసింది.

"పచ్చబొట్టు గూడా తెలుస్తాందే!" అన్నాడు చెన్నప్ప.

అందరివీ చేసేసరికి మూడు రోజులు పట్టింది. లింకు మళ్లీ పంపాడు.

వారం తిరక్కముందే ఓబులమ్మ అనే ఆమె వచ్చింది. మిరపకోతకు పోయే కూలిమనిషి. పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ గడ్డం పట్టుకుని, "అమ్మా, నేనమ్మా, ఓబులిని" అంది. పెద్దమ్మ చాలాసేపు చూసింది. పేరు పలకలేదు. కూతురి చెంపకంటిన మిరప దుమ్ము మాత్రం కొంగుతో మెల్లగా తుడిచింది.

"ముందుగూడా ఎవరో ఈ లింకు పంపినారన్నా" అంది ఓబులమ్మ, ఖాదర్‌వలితో. "ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు, వదిలేసినా. ఈసారి చేనిగట్టున కూచోని ఇట్ల వేలు పెట్టినా, అమ్మ వచ్చేసింది."

ఖాదర్‌వలికి గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది.

తల్లీకూతుళ్లు బస్సెక్కినాక లోపలికెళ్లి, సైటులోంచి పెద్దమ్మ ఫోటో తీసేశాడు. ఇన్నేళ్లలో వేల ఫోటోలు తీశాడు. ఏది తీసినప్పుడూ కలగని సంతోషం ఇది తీసేసినప్పుడు కలిగింది.

వెనక నిలబడి చూస్తున్న తాత అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"చిన్నగా చేయడం నేర్చుకుంటివి. లేకుండా చేయడం గూడా వచ్చె. ఇంక నాదగ్గర ఏముంది నాయనా, నేర్పేందుకు?"