సాంబ్రాణి సన్మానం

తూర్పున గుట్ట కింద పశువులు, పడమట వాగు అవతల నక్క. మధ్యలో నక్క పెట్టిన ఇటుకల బట్టీ. పులిగారి కొత్త కోటకు ఇటుకల కాంట్రాక్టు దానిదే. కట్టెలు దండగని పాత టైర్లు, తెగిన చెప్పులు వేసి కాల్చేది. అక్కడ గాలి ఎప్పుడూ పడమటి నుంచి తూర్పుకే వీస్తుంది. అది చూసుకునే నక్క తన ఇల్లు కట్టుకుంది.

గుట్ట కింద దగ్గని గొంతు లేదు. కోయిల పాడితే కాకి అనుకుని పలకరిస్తున్నారు. మేక చంటిపిల్లయితే పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఊపిరి కోసం ఎగబీల్చేది. దాని డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే చూడలేక మేక, ఎద్దు మామనూ గాడిదనూ వెంటబెట్టుకుని వాగు దాటింది.

"నక్కబావా, నీ పొగకు నా పిల్ల ప్రాణం మీదికొచ్చింది. బట్టీ ఆర్పించు."

"పొగ వల్లేనని ఎవరన్నారు మరదలా? నువ్వు తుమ్మకాయలు తింటావు, ఆ పాలకు పిల్లకు దగ్గు. గాడిద బూడిదలో పొర్లుతుంది, దానికి దగ్గు. ఎద్దు మామకు వయసు."

"మరి కోయిలకో?" అంది గాడిద.

"పాడిందే పాడీ పాడీ గొంతు అరిగింది. అయినా, చంటిపిల్లలకు మనుషులు సాంబ్రాణి పొగ వేయరూ? మీ అందరికీ నేను ఊరికే వేస్తున్నాను. ఒక్కరైనా మంచిమాట అన్నారా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గాడిద అప్పుడే "నిజమే సుమా" అని తలూపేసింది.

మేకకు కడుపు మండిపోయింది. అయినా నవ్వుముఖం పెట్టి, "పొరపాటైంది బావా. ఇంత ఉపకారికి సన్మానం చేయకపోతే మాకు పుట్టగతులుండవు. రేపే సభ పెడతాం" అంది.

"ఈ ఒడ్డున పెట్టండి, చల్లగా ఉంటుంది."

"అబ్బే, మందు పనిచేసిన చోటే వైద్యుడికి దండ వేయాలి. గుట్ట కిందే పెడతాం."

నక్క కాస్త తటపటాయించింది. ఒక దండ, ఒక నమస్కారం, అంతేగా అనుకుని ఒప్పుకుంది. సన్మానాల సంగతి పాపం దానికి తెలియదు.

మర్నాడు నక్కను ఎత్తయిన బండమీద కూర్చోబెట్టి, గోనెసంచి శాలువా కప్పి, బంతిపూల దండ వేశారు. గాడిద లేచి, "రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అని వాళ్ల తాతగారి బాల్యంతో మొదలుపెట్టింది. పొగ వచ్చి నక్క ముఖాన కొట్టింది. దగ్గితే సాంబ్రాణి పరువు పోతుంది. మింగలేక కక్కలేక దాని కళ్ల వెంట నీళ్లు కారాయి.

"చూశారా, ఆనందబాష్పాలు" అంది మేక.

గాడిద కూర్చుంటే ఎద్దు మామ లేచింది. అది మాటకూ మాటకూ మధ్య తాపీగా నెమరు వేస్తుంది. నక్క బండ దిగబోయింది.

"సభ మధ్యలో లేవకూడదు బావా. ఇంకా గొర్రెలు మాట్లాడాలి. అన్నీ ఒకే మాట చెబుతాయి గానీ, విడివిడిగా చెబుతాయి."

అది విన్నాక నక్క ఇక ఆపుకోలేకపోయింది. దండ తెగేలా దగ్గి, "మీకు దణ్ణం పెడతాను, ఆ బట్టీ ఆర్పండి" అంది.

"ఏం తిన్నావు బావా, తుమ్మకాయలా?"

"పొగ. పొగే. ఊపిరాడటం లేదు."

"సాంబ్రాణి కదా?"

"కాదు, విషం. నన్ను దించండి."

సభంతా విన్నది. ఎద్దు నెమరు ఆపింది. అందరూ కలిసి మట్టి తన్ని బట్టీని పూడ్చేశారు. తన నోటితోనే విషమని అంది గనక మళ్లీ వెలిగించడానికి నక్కకు ముఖం చెల్లలేదు. కాంట్రాక్టు తోడేలుకు పోయింది; అది కట్టెలతోనే కాలుస్తోంది, సన్మానమంటే దానికి హడలు.

మేకపిల్ల ఇప్పుడు కడుపునిండా పాలు తాగుతోంది. కానీ తోటిపిల్లలతో పరుగు తీస్తే సగం దూరంలోనే నిలబడి రొప్పుతుంది. నక్క పీల్చింది ఒక్కపూట, అది పీల్చింది పుట్టినప్పటి నుంచీ. పిల్ల అలా రొప్పినప్పుడల్లా మేక వాగు అవతలికి చూసి నోరారా తిడుతుంది.

నీతి: పొగ మందని ఊరికి చెప్పేవాణ్ణి, ముందు ఆ పొగలో కూర్చోబెట్టి చెప్పించాలి.