'చిన్న ప్రాబ్లం' అన్న కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో నిప్పంటుకుంది. కాపలా కాస్తున్న కొండముచ్చు దాన్ని "చిన్న ప్రాబ్లం" అంది. ఆ ఒక్క మాట వల్ల ఒక దుప్పి పిల్ల మంటల మధ్య చిక్కుకుంది. మొహాలు అలా పెట్టకండి పిల్లలూ, అది బతికింది. ఎలా బతికిందో చెబుతాను, వినండి.

ఆ కొండముచ్చు పేరు నాంచారి. అడవి అంచున ఉన్న పెద్ద మద్దిచెట్టు ఆమె ఇల్లు. చెట్టు కింద దుప్పుల మంద మేసేది. మందకి పెద్ద మల్లక్క. వాళ్ళ మధ్య తాతల నాటి ఒప్పందం ఒకటుంది. నాంచారి పైనుంచి చిగుళ్ళు తుంచి పడేస్తుంది, దుప్పులు తింటాయి. పైనున్న ఆమె దూరం చూస్తుంది. కిందున్న దుప్పులు వాసన పసిగడతాయి. ముందు ఎవరికి తెలిస్తే వాళ్ళు రెండోవాళ్ళకి చెప్పాలి. చిరుత కనబడితే నాంచారి "ఖక్! ఖక్!" అని దగ్గినట్టు అరిచేది. మంద లేచి పరిగెత్తేది. అంతకు మించి మాటల అవసరం ఉండేది కాదు.

కొన్నాళ్ళకి చెట్టు పక్కన ఫారెస్టు చెక్‌పోస్టు వచ్చింది. అందులో ఒక వైర్‌లెస్ సెట్టు. రోజంతా అది గరగరమంటూనే ఉండేది. ప్రాబ్లం, అర్జెంటు, డేంజర్, క్రైసిస్, ఎమర్జెన్సీ. నాంచారి రేకుల కప్పు మీద కూర్చుని అన్నీ నేర్చేసుకుంది. అన్నిటికీ అర్థం ఒక్కటే, కష్టం అని తేల్చేసుకుంది కూడా. వాటిలో ఎమర్జెన్సీ ఆమెకి తెగ నచ్చింది. పలుకుతుంటే నోరు నిండుగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఏదుపంది సూరయ్య బొరియ ముందు ఒక కొమ్మ విరిగి పడింది.

"ఎమర్జెన్సీ! ఎమర్జెన్సీ!" అని అరిచింది నాంచారి.

మంద మేత వదిలేసి వాగు దాటిపోయింది. సూరయ్య కొమ్మ కిందనుంచి తాపీగా దూరి బయటికొచ్చాడు.

"ఎవరికమ్మా ఎమర్జెన్సీ? నాకేనా?" అని అడిగాడు.

ఇంకోరోజు వాగులో నీళ్ళు ఉన్నట్టుండి బురదయ్యాయి. నాంచారి మళ్ళీ "ఎమర్జెన్సీ!" అంది. ఈసారి పరుగులో ఒక ముసలి దుప్పికి కాలు బెణికింది. తీరా చూస్తే అడవిపంది బుంగయ్య నీళ్ళలో హాయిగా పొర్లుతున్నాడు.

"స్నానం కూడా చేసుకోనివ్వరా నన్ను?" అన్నాడు బుంగయ్య. "రేపు నేను తుమ్మితే ఏమంటావమ్మా నాంచారీ?"

అడవి అడవంతా నవ్వింది. నెమళ్ళు వారం రోజులు ఎమర్జెన్సీ అని వెక్కిరించాయి. నాంచారి మొహం అసలే నలుపు, ఇంకా నల్లబడింది. 'ఛీ, ఇక పెద్ద మాట ఎత్తనే ఎత్తను' అనుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నాంచారికి కొండ అవతల పొగ కనబడింది. సన్నగా, బూడిద రంగులో. గాలి అటువైపే వీస్తోంది కాబట్టి కిందున్న దుప్పులకి వాసన తెలియలేదు.

"ఏం నాంచారీ, అటే చూస్తున్నావు?" అని అడిగింది మల్లక్క.

ఎమర్జెన్సీ అన్న మాట నాంచారి నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే బుంగయ్య చెట్టు మొదలుకి వీపు రుద్దుకుంటూ తలెత్తి చూశాడు. ఆమె మాట మింగేసింది.

"ఏం లేదక్కా. కొండ అవతల చిన్న ప్రాబ్లం."

"చిన్నదేనా?"

"చిన్నదే."

మల్లక్క నిశ్చింతగా నెమరు వేసుకుంటూ పడుకుంది. ఆమె పిల్ల చిట్టి అక్కడ లేదు. కొండ ఇవతల, తూర్పు వాలులో, పొడుగు గడ్డిలో పడుకుని ఉంది. దుప్పులు పసిపిల్లల్ని అలాగే గడ్డిలో దాచి మేతకి వెళ్తాయి. తల్లి వచ్చి పిలిచేదాకా పిల్ల కదలదు. పులి పక్కనుంచి వెళ్ళినా కదలదు. అది దాని పెంపకం.

కాసేపటికి గాలి తిరిగింది. మంట కొండ దాటి ఇవతలి గడ్డిలోకి దూకింది. పొగ వాసన, చిటపటలు ఒక్కసారే చెట్టు కిందికి వచ్చిపడ్డాయి. మంద చెల్లాచెదురైంది.

"అక్కా, ఇది డేంజర్... కాదు, క్రైసిస్... అర్జెంటు..." నాంచారి నాలుక తడబడింది.

"నీ మాటలు తర్వాత వెతుక్కో!" అని గదమాయించింది మల్లక్క. "ఎక్కడ మండుతోంది? నా పిల్లకి ఎంత దూరం? ఎటునుంచి వెళ్ళాలి? అది చెప్పు ముందు!"

నాంచారి చిటారు కొమ్మకి ఎగబాకింది. కళ్ళు మండుతున్నా తెరిచి చూసింది.

"తూర్పు వాలంతా మండుతోంది. చిట్టికి నాలుగు చెట్ల దూరంలో ఉంది మంట. బండల పక్కనుంచి దారి ఉంది. మందని వాగులోకి దిగమను. నువ్వు నా వెనకే రా!"

కొమ్మ మీంచి కొమ్మకి దూకుతూ నాంచారి, కింద పొగలో మల్లక్క.

"ఎడమకి! ఇంకా ఎడమకి! ఆగు, ముందు నిప్పుంది! ఇప్పుడు దూకు!"

మల్లక్క దూకింది. గడ్డి దగ్గర ఒక్కసారి పిలిచింది. అంతే, చిట్టి చెవులు పైకి లేచాయి, వెనకాలే చిట్టి లేచింది. ముగ్గురూ బండల మీదుగా వచ్చి వాగులో పడ్డారు.

చిట్టి రెండుసార్లు దగ్గింది. ఒళ్ళు దులుపుకుంది. తర్వాత ఏమీ జరగనట్టు తల్లి పొదుగు వెతుక్కుంది. అది చూశాక అందరికీ ఊపిరి ఆడింది.

సాయంత్రానికి చెక్‌పోస్టు మనుషులు వచ్చి మంట ఆర్పారు. అప్పుడు అంది మల్లక్క.

"నువ్వు ఎక్కువ చేసి చెప్పినప్పుడు మాకు కాళ్ళ నొప్పులొచ్చాయి. తక్కువ చేసి చెప్పినప్పుడు నా పిల్ల ప్రాణం పోయినంత పనైంది."

"మళ్ళీ నవ్వుతారని, అక్కా."

"నవ్వితే? ఒళ్ళు కాలుతుందా?"

మర్నాడు నాంచారి మళ్ళీ రేకుల కప్పెక్కింది. ఈసారి చెవులతో పాటు కళ్ళు కూడా పెట్టింది. ఏ మాటకి మనుషులు ఏం చేస్తున్నారో చూసింది. ప్రాబ్లం అంటే టీ తాగుతూ ఆలోచిస్తున్నారు. అర్జెంటు అంటే పొద్దుగూకేలోపు ఆ పని ముగిస్తున్నారు. డేంజర్ అంటే రాబోయేదానికి ముందే బోర్డు పాతి, అటు వెళ్ళొద్దంటున్నారు. ఎమర్జెన్సీ అంటే టీ గ్లాసు వదిలేసి ఉన్నపళంగా పరిగెత్తుతున్నారు. క్రైసిస్ అంటే బల్ల మీద మ్యాపు పరుచుకుని రోజుల తరబడి కూర్చుని, చివరికి ఏదో ఒక దారి తేల్చుకుంటున్నారు. అన్నీ కష్టాలే. కానీ ఒక్కోదానికి చెయ్యాల్సిన పని వేరు.

నెల తిరిగేసరికి ఆ పాఠం అక్కరకొచ్చింది. గడ్డంతా కాలిపోయి మందకి మేత కరువైంది.

"ఎటు పరిగెత్తాలి నాంచారీ?" అని అడిగాయి దుప్పులు కంగారుగా.

"పరిగెత్తితే తీరేది కాదు. ఇది ఎమర్జెన్సీ కాదు, క్రైసిస్. పది రోజులకి సరిపడా చిగుళ్ళు నేను తుంచి పడేస్తాను. ఈలోపు ఇక్కడే ఉండాలా, కొండ దాటాలా, కూర్చుని తేల్చుకోండి."

మల్లక్క మందని కూర్చోబెట్టి మాట్లాడింది. ఆరో రోజున అందరూ నెమ్మదిగా, ముసలివాళ్ళని మధ్యలో పెట్టుకుని, కొండ దాటారు. అవతల కాలిన మేర దాటాక పచ్చిక ఉంది. నాంచారి కూడా వాళ్ళతోనే వెళ్ళి ఒక కొత్త మద్దిచెట్టు చూసుకుంది.

ఆ చెట్టెక్కిన రోజే ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ముందు చూసింది చూసినట్టు చెప్పాలి. ఎంత దూరమో, ఎంత వ్యవధి ఉందో చెప్పాలి. తర్వాతే దానికి పేరు పెట్టాలి. ఎవరు మెచ్చుకున్నా పెంచకూడదు, ఎవరు నవ్వినా తగ్గించకూడదు. తోక వెంట్రుకలు నెరిసేదాకా ఆ చెట్టు మీద కాపలా కాసింది. ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

నీతి: కష్టం ఎంతుందో అంతే చెప్పాలి. పెంచి చెబితే ఎదుటివాళ్ళకి వృథా ప్రయాస, తగ్గించి చెబితే వాళ్ళ ప్రాణానికే ముప్పు.