రాజుగారి పడకగదిలో సారా పీపా

ద్రాక్షతోటలకూ, రాజుగారి అనుమానాలకూ కొదవలేని ఒకానొక రాజ్యంలో నాంచారి అనే ఆవిడ కోట సారాబట్టీ నడిపేది. రాజు పేరు ఉద్దండ భూపతి. లోకంలో తనకు తెలియని సంగతి లేదని ఆయన గట్టి నమ్మకం.

పులిసిన ద్రాక్షరసాన్ని రాగిబానలో సన్నని సెగ మీద కాచి, ఆ ఆవిరిని చల్లని గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దించి, కర్రపీపాల్లో పోసి పన్నెండేళ్ళు కదపకుండా ఉంచడం నాంచారి పని. కాచడం కష్టం కాదు. నెలనెలా వచ్చి "ఇంకా కాలేదా?" అని పీపాను తట్టే రాజుగారిని ఓర్చుకోవడమే కష్టం.

పన్నెండేళ్ళూ నిండాయి. మూత తీశారు. అంచుదాకా పోసిన పీపాలో మూడోవంతు లేదు!

"దొంగముండా! మిగతాదేదే?" అని రాజు గర్జించాడు.

"గాలికి పోయింది ప్రభూ. కర్రకు కంటికి కనపడని సందులుంటాయి. ఏటా కొంచెం ఆవిరైపోతుంది. అలా పోతేనే ఉన్నది మెత్తబడుతుంది."

"గాలి తాగిందట, విన్నారా! బట్టీ పడగొట్టండి. దీన్ని పొలిమేర దాటించండి!"

నాంచారికి ఒళ్ళు మండిపోయింది. కళ్ళు పొగచూరేదాకా చాకిరీ చేస్తే దక్కింది ఈ మాటా! ఈయనకు చెప్పేకంటే ఆ పీపాకు చెప్పుకోవడం నయం అనుకుంది.

"ఒక్క వేసవి గడువివ్వండి. కొత్త పీపా మీ చేత్తోనే నింపి, లక్కముద్ర వేసి, మీ పడకగదిలో పెట్టించండి. గది తాళంచెవి మీ మొలలోనే ఉండనివ్వండి. చుక్క తగ్గకపోతే నా బట్టీ నేనే పడగొట్టుకుంటాను."

"తగ్గితే?"

"దొంగను మీరే పట్టుకోండి."

రాజు మీసం దువ్వి సరేనన్నాడు.

వేసవి వెళ్ళింది. పీపాను సభకు మోయించారు. ముద్ర చెక్కుచెదరలేదు. నాంచారి ముద్ర విప్పి, లోపల కర్ర ముంచి తీసింది. మట్టం నాలుగు వేళ్ళు దిగింది!

"తాళంచెవి ఎవరి దగ్గరుంది ప్రభూ?"

"నా దగ్గరే."

"ఎవరికైనా ఇచ్చారా?"

"నా తాళంచెవి నేనెవరికిస్తానే?"

"మరైతే ఏలినవారు పొలిమేర దాటేదెప్పుడు?"

రాజు మొహం కందగడ్డలా ఎర్రబడింది. "నేను ముట్టనైనా లేదు! గది నిండా వాసన మాత్రం గుప్పుమనేది..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఆ వాసనే ప్రభూ, నేను పన్నెండేళ్ళు దొంగిలించింది!"

ముందుగా రాణి పగలబడి నవ్వింది. "ఈ వేసవంతా పగటినిద్ర లేచి గోడమీది ఏనుగు బొమ్మను కుశలమడిగారు. ఎందుకా అనుకున్నాను!"

రాజు నవ్వు బిగబట్టి చూశాడు. ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వి, చేతి కంకణం తీసి నాంచారికిచ్చాడు. "బట్టీ నీదే. గాలి వాటా గాలిదే. ఇంకేం కావాలో కోరుకో."

"నెలనెలా వచ్చి పీపాలు తట్టకండి. అదొక్కటి చాలు."

"అలాగే. మరి ఈ పీపా..." రాజు గొంతు తగ్గించాడు. "పండేదాకా నా గదిలోనే ఉంటే నీకేమన్నా అభ్యంతరమా?"

నాంచారి నెత్తి కొట్టుకుంది.