రంగేసిన దుంపలు

మఠం వంటశాలలో చెన్నవీరప్ప కేకలు వీధి చివరిదాకా వినపడ్డాయి.

"రంగేసిన దుంపలు తెస్తావా? అదీ దేవుడి పంక్తికి? సిగ్గుండాల!"

గంగులమ్మ బిత్తరపోయింది. చేలో బీట్‌రూటు తొలికోత మఠానికే చెందాలని గంపెడు నెత్తిన పెట్టుకొచ్చిన మనిషి. మిగతా పంట ఆమె పెనిమిటి సంతకు తీసుకుపోయాడు.

"నేను రంగేసేదేంది సామీ? పొద్దున మట్టిలోంచి పీకినా" అంది.

వింటేగా! గంప తీసి వీధిలోకి విసిరేశాడు. సంతకు పోయే జనమంతా ఆగి చూశారు. ఆమె దుంపలు ఏరుకోకుండానే కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

వీరప్పకు శుభ్రం పిచ్చి. తరిగిన కూరగాయల్ని కూడా కాగే నీళ్లలో కడగందే పొయ్యి ఎక్కనివ్వడు. ఆమె దుంపలు రెండు తరిగి వేసేసరికి ఆ నీళ్లు ఎర్రబడి, ముక్కలు వెలవెలబోయాయి. అదీ ఆయనగారి సాక్ష్యం! పక్కనే పిండి రుబ్బుతున్న నాకు ఒళ్లు మండింది. పెద్ద శిష్యుడు కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నామీద నాకే కోపం.

గొడవ విని గురువుగారు వచ్చారు.

"చూడండయ్యా, ఎంత మోసమో!" వీరప్ప ఎర్రనీళ్ల గిన్నె చూపించాడు.

ఆయన వీధిలోంచి ఒక దుంప ఏరుకొచ్చారు. చెక్కు తీసి, రెండు ముక్కలు కోసి, చన్నీళ్లతో బాగా కడిగారు. ఒక ముక్కను చన్నీళ్ల గ్లాసులో, ఇంకోదాన్ని వేడినీళ్ల గ్లాసులో వేసి కూర్చున్నారు. కాసేపటికి వేడినీళ్లు చిక్కగా ఎర్రబడ్డాయి. చన్నీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"దుంప ఒకటే కదరా. లోపల కంటికి కనపడని పొరలుంటాయి, రంగును పట్టి ఉంచేది అవే. వేడి తగిలితే అవి చెడిపోతాయి. రంగు కారిపోతుంది."

వీరప్ప తల దించుకున్నాడు.

అంతలో సంతనుంచి కట్టెల బండివాడు వచ్చి చెప్పాడు. గంగులమ్మవి రంగు దుంపలని ఊరంతా చెప్పుకుంటోందట. ఆమె రాశి దగ్గరికి ఒక్కరూ పోవడం లేదట.

"వేడిమీద అనేశానయ్యా. ఇప్పుడు చల్లబడ్డాను. పోయి మాట వెనక్కి తీసుకుంటాను, సరిపోతుంది" అన్నాడు వీరప్ప.

సరిపోతుందట! గిన్నె ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించాలనిపించింది నాకు.

గురువుగారు చన్నీళ్ల గ్లాసులోని ఎర్రముక్కను తీసేసి, వేడినీళ్లలో వెలిసిపోయిన ముక్కను అందులో వేశారు. ఆ గ్లాసును వీరప్ప చేతిలో పెట్టారు.

"సంతంతా తిరిగి చెప్పిరా. విన్న ప్రతి ఒక్కరికీ చెప్పు. ఈ ముక్క మళ్లీ ఎర్రబడ్డాక, సరిపోయిందని నాతో అను."