దాసరి ముట్టిన కత్తులు

కాలువ నీళ్ల తగువుకు పొరుగూరి మీద పడాలని ఊరి దొర ఉద్దండరాయుడు ముహూర్తం పెట్టించాడు. ఉన్న కత్తులూ బల్లేలూ అన్నీ కోట ముందు అమ్మవారి గద్దె దగ్గర పూజకు పేర్చారు.

పగలూ పంతాలూ వద్దని ఊరూరా పాడుకుంటూ తిరిగే మాలదాసరి కోనప్ప ఆ మాట విని తంబురా గోడకు ఆనించి లేచాడు.

"అటు పోకయ్యా, నరికేస్తారు," అంది భార్య పోలమ్మ.

"మంచి చెబితే వినరే. మైలంటే మాత్రం హడలిపోతారు," అంటూ కోనప్ప కోట దారి పట్టాడు.

భటులు అడ్డం పడేలోపే గద్దె దగ్గరికి పోయి, పసిబిడ్డల్ని నిమిరినట్టు ఆయుధాలన్నింటినీ నిమిరేశాడు.

"మైల! మైల! శుద్ధి చేసేదాకా వీటినెవరూ తాకొద్దు!" అని పూజారి కేక పెట్టాడు.

రాయుడు ఊగిపోయాడు. "వీణ్ణి ఇక్కడే నరకండిరా!"

భటులు కత్తుల వంక చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"దేంతో నరుకుతారు దొరా? ఉత్త చేతుల్తో చంపాలన్నా నన్ను ముట్టుకోవాలి గదా," అన్నాడు కోనప్ప.

రాయుడు పళ్లు కొరుకుతూ పూజారి వైపు తిరిగాడు. "శుద్ధికెన్నాళ్లు?"

"పున్నమి దాకా పడుతుంది ప్రభూ. ఈ ముహూర్తం దాటిపోయినట్టే."

కోనప్ప చేతులు జోడించాడు. "శుద్ధి కాగానే కబురంపండి దొరా. మళ్లీ వచ్చి ముట్టుకుంటాను."