తొడిమ చూడండి

గుంటూరులో ఒక మిర్చి గోదాములో తొడిమలు తీసే సైదమ్మకు, ఎదుట ఎంతటివాళ్లున్నా పట్టిన పట్టు విడవదన్న చెడ్డపేరు ఉండేది. తోటి ఆడవాళ్లు ఆమెను మొండిఘటం అనేవారు. ఆమె ఆ మాటను బిరుదులా మోసేది.

ఆ వేసవిలో ఆమెకు వింత దాహం పట్టుకుంది. బిందెడు నీళ్లు తాగినా నోరు పిడచగట్టుకుపోయేది. గంటకు రెండుసార్లు పని వదిలి మూత్రానికి బయటికి పరుగెత్తేది. షుగరు పరీక్ష చేయిస్తే లేదన్నారు.

"ఇవన్నీ పని ఎగ్గొట్టే నాటకాలు. ఇలాగే అయితే సోమవారం నుంచి రావద్దు" అన్నాడు మేస్త్రీ. ఆయనకు వైద్యం కూడా తెలుసు కాబోలు! సైదమ్మ ఇద్దరు పిల్లల తిండి మాత్రం ఆ పని మీదే నడిచేది.

షుగరు లేకుండా ఇంత దాహమంటే లోపం తలలో ఉండొచ్చని, ఒక ఆసుపత్రిలో ఆమె తలకు ఎమ్మారై స్కాను తీశారు. స్కానులు చూసే డాక్టరు పూర్ణచంద్రరావు, "అంతా బాగానే ఉంది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి చిన్న కాయలా వేలాడుతుంటుంది. దానికీ ఏమీ కాలేదు. నీళ్లు తాగడం నీకు అలవాటైంది, తగ్గించుకో" అన్నాడు.

సైదమ్మ కదల్లేదు. "వేలాడుతుందన్నారు. దేన్ని పట్టుకునయ్యా?"

"సన్నటి కాడ ఉంటుందిలే."

"ఆ తొడిమ చూశారా?"

డాక్టరుకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వా నాకు చెప్పేది?"

"పదహారేళ్లుగా తొడిమలు తీస్తన్నా. కాయ ఎర్రగా నిగనిగలాడతానే ఉంటది, బూజు మటుకు తొడిమ మొదట్లో పడతది. మీ చదువు మీది, నా ఒళ్లు నాది. ఒకపూట నీళ్లు తగ్గించి చూశా, కళ్లు తిరిగి పడ్డా. తొడిమ చూసిందాకా ఈ బల్ల మీంచి లేవను."

అటెండరు గదమాయించాడు. ఆమె తన నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగి, అక్కడే కూర్చుంది.

ఆమె నోరు మూయించడానికే డాక్టరు మళ్లీ బొమ్మలు తెరిచాడు. స్కాను మెదడును పొరలు పొరలుగా చూపిస్తుంది. పొరలు మందంగా తీయడంతో సన్నటి కాడ సరిగా కనబడనే లేదు. ఆయన ముఖం వాడిపోయింది. ఈసారి రక్తంలోకి మందు ఎక్కించి, పలుచటి పొరలుగా మళ్లీ తీయించాడు. కాడ రెండింతలు లావుగా వాచి ఉంది. ఒంట్లో నీళ్లను నిలిపి ఉంచే రసం ఆ కాడ గుండానే దిగాలి.

"తప్పు నాది సైదమ్మా. నా మాట విని నీళ్లు తగ్గించి ఉంటే నీ ప్రాణం మీదికి వచ్చేది" అన్నాడాయన తల దించుకుని.

వాపుకు కారణం వెతకడం మొదలుపెట్టి, ముందుగా దాహం తగ్గే మాత్రలు ఇచ్చారు. సోమవారం పొద్దున్నే సైదమ్మ గోదాముకు వెళ్లి, రిపోర్టు మేస్త్రీ ముందు పెట్టింది.

"నా నాటకం పేరు ఇందులో రాసుంది. తీరిగ్గా చదువుకో" అని, తన చోట తాను కూర్చుని తొడిమలు తీయసాగింది.

నీతి: మన ఒంటి బాధ నిజమని మనకు తెలిసినప్పుడు, ఎంత పెద్దవాళ్లు కాదన్నా వెనక్కి తగ్గకూడదు.